మూడో గేరులో మొక్కు

పోయిన వారం రేణిగుంట రోడ్డులో టీ తాగడానికి ఆగాను. టీకొట్టాయన గ్లాసు చేతికిస్తూ, మేస్త్రి పోయినాడు తెలుసా అన్నాడు. ఆ రోడ్డు పొడుగునా బండ్ల షెడ్లూ మేస్త్రీలే కాబట్టి ఏ మేస్త్రి అని అడిగాను. ఆయన రెండు చేతులూ తల వెనక్కి పెట్టి, లేని కొప్పును రెండు చుట్లు చుట్టి, దాని మీద లేని తువ్వాలు బిగించి కట్టాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. నాకు అంత కోపమూ అంత నవ్వూ తెప్పించిన మనిషి ఇంకొకడు లేడు.

మాది వడమాలపేట. డెబ్బైల చివర్లో మా నాయన ఒక పాత డీజిల్ వ్యాను కొని, పెళ్ళిళ్ళకూ కొండకూ బాడుగకు తోలుకోమని నా చేతిలో పెట్టాడు. దానికి ఇంజను ముందు రెండు సీట్ల మధ్యనే ఉండేది, పైన ఒక రేకు మూత. ఆ మూత పక్కన కూర్చున్నవాడికి కొండమీద వేరే వేడినీళ్ళ స్నానం అక్కర్లేదు. అలిపిరి దాటితే చాలు, నల్లపొగ కక్కుతూ ఆయాసపడేది. హెడ్డు విప్పి వాల్వులు రుద్దిస్తే బాగవుతుందని అందరూ చెప్పారు. హెడ్డంటే ఇంజను పైభాగం. గాలి లోపలికి పోయే తలుపులూ పొగ బయటికి వచ్చే తలుపులూ అందులోనే ఉంటాయి, వాటినే వాల్వులంటారు. రెండు రోజుల పనే కదా అనుకుని రేణిగుంట రోడ్డులో అందరూ జుట్టు మేస్త్రి అని పిలిచే ఆయన షెడ్డుకు తోలుకుపోయాను.

షెడ్డులో మొదట నాకు కనిపించింది ఒక ముసలామె. టైరు మీద కూర్చున్న మనిషి వెనక నిలబడి, నడుం దాటిన జుట్టుకు చిక్కు తీస్తోంది. కూర్చున్నది ఆడమనిషి అనుకుని మర్యాదగా పక్కకు తిరిగి నిలబడ్డాను. ఆ మనిషి గడ్డం గోక్కుంటూ నావైపు తిరిగి, "ఏమప్పా, బండికి ఊపిరాడ్లేదా" అన్నాడు. ఆయన రెండు అరచేతుల మధ్యా ఒక కర్ర ఉంది. దాని కొనకు వాల్వు అంటించి, హెడ్డులోని గుంటలో ఆనించి, మజ్జిగ చిలికినట్టు చిలుకుతున్నాడు. వెనక తల్లి దువ్వెన, ముందు కొడుకు కర్ర, రెండూ ఒకే తాళంలో నడుస్తున్నాయి.

నేను నా బండి రోగం చెప్పడం మొదలుపెట్టేసరికి ఆయన లేచి, పెరట్లోని బొప్పాయి చెట్టు నుంచి ఒక ఆకు కోసుకొచ్చాడు. దాని కాడను మూరెడు తుంచి నా నోట్లో పెట్టి, ముక్కు మూసుకుని ఆ కాడతోనే గాలి పీలుస్తూ షెడ్డు చుట్టూ పరిగెత్తమన్నాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చినవాణ్ణి. ఎందుకు పరిగెత్తానో ఇప్పటికీ తెలియదు. ఆయన చెబితే అందరూ అలాగే చేసేవారట. ఒక చుట్టుకే కళ్ళు బైర్లు కమ్మాయి. అప్పుడు ముదురాకు కాడ, లావుపాటిది ఇచ్చి మళ్ళీ పరిగెత్తించాడు. ఈసారి ఎలా ఉందని అడిగితే కొంచెం మేలన్నాను. "నీ బండిదీ అదే కత. దానికి సన్న కాడ నోట్లో పెట్టి కొండెక్కమంటాండావు" అన్నాడు. ఆ మాట అంటూనే ఆయన చూపు మూలనున్న టైర్లకు గాలికొట్టే పంపు మీదికి పోయింది. నేను నోరు గట్టిగా మూసుకున్నాను.

ఆ కొప్పు వల్ల ఆయనకు రోజూ ఏదో ఒక తంటా ఉండేది. కొండకు నడిచిపోయే యాత్రికులు ఆయన్ను ఎవరో సాధువనుకుని షెడ్డులోకి వచ్చి కాళ్ళకు మొక్కేవారు. ఆయన ఆశీర్వదించేవాడు కాదు, కాదనేవాడూ కాదు. మొక్కినవాణ్ణి లేపి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, నేను చెప్పేదాకా యాక్సిలేటరు తొక్కి పెట్టుకో అనేవాడు. బెంగుళూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి అలా మధ్యాహ్నం దాకా తొక్కి, తన జన్మ ధన్యమైందని చెప్పి వెళ్ళాడు.

ఆ జుట్టు కథ నాకు తల్లే చెప్పింది. అది పుట్టువెంట్రుకలు. బిడ్డగా ఉన్నప్పుడు తలనీలాలు ఇవ్వడానికి తల్లీతండ్రీ ఒక బాడుగ బండిలో కొండకు బయల్దేరితే, బండి రెండో మలుపులో ఆగిపోయింది. నీళ్ళు పోశారు, తోశారు, దండం పెట్టారు. కదల్లేదు. తండ్రి ముక్కోపి. రోడ్డు మధ్యన నిలబడి కొండకేసి చెయ్యి చూపించి, నువ్వు ఆపినావు కదా సామీ, యాడా ఆగని బండిలో తెస్తా వీణ్ణి, అప్పుడే నీకు జుట్టు, అని మాట విసిరి ఇంటిదారి పట్టాడు. తరువాత కొంతకాలానికే జ్వరమొచ్చి పోయాడు. మొక్కు మాత్రం మిగిలింది. దాన్ని ఏ పూజారినైనా అడిగి మార్పించుకోవచ్చు కదా అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

"మాట ఇచ్చినోడు ఉండింటే అడిగి మార్పించుకుందుము నాయనా. ఆయన ల్యాకపాయ. ఇంగ ఆ మాట మార్సేదానికి మనమెవురం?"

కొడుకును అలా తీసుకుపోయేదాకా తానూ సామిని చూడనని ఆమె పట్టు. అలా ఆ ఇద్దరూ కొండ కిందే బతుకుతూ కొండమీది గుడి చూడలేదు. ప్రయత్నించక కాదు. వీలు చిక్కినప్పుడల్లా కొండ బస్సెక్కేవారు. బస్సు ఎక్కడో ఒకచోట ఆగేది. ఇంజనుకు నీళ్ళు పోయడానికి, వాంతి చేసుకునేవారి కోసం, ఒకసారి రోడ్డు మధ్య పేలు చూసుకుంటున్న కోతుల కోసం. ఆగిన మరుక్షణం ఆమె సంచి తీసుకుని దిగిపోయేది, వెనకనే కొడుకు దిగేవాడు, ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ నడిచి ఇంటికి వచ్చేసేవారు. కండక్టర్లందరికీ వాళ్ళు తెలుసు. ఎక్కగానే, ఈ పొద్దు యాడి దాకా అని అడిగేవారట.

ఒకసారి మాత్రం బస్సు ఎక్కడా ఆగకుండా కొండమీది ఇళ్ళు కనిపించేదాకా పోయింది. అప్పుడు ఆమె లేచి నిలబడి, ఆగింది, దిగుదాం అంది. ఆగలేదని కండక్టరు ఒట్టు వేశాడు. గేరు మార్చినప్పుడు బండి ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు, దాన్ని ఆగడమనక ఏమంటారని ఆమె అడిగింది.  ఆమె దిగిపోయింది. మేస్త్రికి కూడా ఆమె మాటే న్యాయంగా తోచింది. క్లచ్చు తొక్కినంతసేపూ ఇంజను బండిని లాగదు, అమ్మ చెప్పింది నిజమే కదా అని నాతో చాలా గంభీరంగా అన్నాడు. అప్పటినుంచి ఆయన బతుక్కు ఒకటే పని: కొండ మొత్తం ఒకే గేరులో ఎక్కే బండి తయారుచేయడం. మొదటి గేరులో పోతే సగం దారికే నీళ్ళు మరుగుతాయి. మూడో గేరులో పోతే మలుపుల్లో ఊపిరి చాలదు. ఊపిరి పోయాలి. సరిగ్గా ఆ సమయంలో నేను నా వ్యాను తోలుకుని వెళ్ళాను.

వారం తర్వాత వెళితే నా బండికి హెడ్డు లేదు. మరో వారానికి రేడియేటరు కూడా లేదు. ఆ తర్వాత వెళితే ఇంజను పక్కన పొట్టేలంత ఇనుప డబ్బా ఒకటి ఉంది. మద్రాసు పుదుపేటలో పాత ఇనుము గుట్టల్లోంచి తెచ్చాడట, యుద్ధకాలం నాటి మిలిటరీ ఇంజనుదట. లోపల రెండు గిలకలు ఒకదానికొకటి తగలకుండా తిరుగుతూ, బయటి గాలిని పీల్చి ఇంజనులోకి కుక్కుతాయి. ఆయన దాన్ని బ్లోయరు అనేవాడు, తల్లి ఊదుడుపెట్టె అనేది. నేను మండిపడ్డాను. వాల్వులు రుద్దమని ఇస్తే నా బండికి పెట్టె తగిలిస్తావా, పోలీసుల దగ్గరికి పోతానన్నాను. పోయి రమ్మన్నాడు. వచ్చేటప్పుడు వాళ్ళ జీపు కూడా తెమ్మన్నాడు, దానికీ ఊపిరి సరిగా లేదట.

ఊరికే పెట్టె తగిలిస్తే సరిపోదని ఆయన నాకు రోజూ పాఠం చెప్పేవాడు. అంత గాలి లోపలికి పోవాలంటే వాకిలి పెద్దది కావాలి. అందుకని హెడ్డులో గాలి దారులను ఆకురాయితో అరగదీసి, ఉప్పుకాగితంతో నున్నగా చేసి, కళ్ళు మూసుకుని వేలు పెట్టి చూసుకునేవాడు. నా వేలూ పెట్టించి ఎట్లుండాదని అడిగేవాడు. ఏం చెప్పాలో తెలియక బాగుందనేవాణ్ణి. లారీ వాల్వులు తెచ్చి, చెక్కి, వెడల్పు చేసిన గుంటల్లో కూర్చోబెట్టాడు. గాలి అంత బలంగా తోస్తే మెత్తటి స్ప్రింగు వాల్వును సమయానికి మూయలేదు, గాలికి తలుపు కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది. అందుకని గట్టి స్ప్రింగులు వెతికాడు. ఏది ఎంత గట్టిదో చూడటానికి వీధి చివర కూరగాయలమ్మే ఆమె తక్కెడ పట్టుకొచ్చేవాడు. ఆమె టమోటాలన్నీ డీజిల్ వాసన కొట్టేవి. ఇక హెడ్డుకూ ఇంజనుకూ మధ్య వేసే మామూలు గ్యాస్కెట్ ఆ ఒత్తిడికి చినిగిపోతుందని, రాగిరేకు కావాలన్నాడు. అని, నీళ్ళు కాచుకునే రాగి అండా వైపు చూశాడు. నీళ్ళు సత్తు తపేలాలో కూడా కాగుతాయిలే అని తల్లి దాన్ని బోర్లించి ఇచ్చేసింది.

ఇంతకీ నేను బండి ఎందుకు లాక్కుపోలేదంటే, ఒక మధ్యాహ్నం కథ చెప్పాలి. నేను వెళ్ళేసరికి ఆమె ఎప్పటిలాగే నిలబడి జుట్టు దువ్వుతోంది. దగ్గరికి పోతే, ఆమె దువ్వుతున్నది చేతులు తుడుచుకోవడానికి దూలానికి వేలాడగట్టిన జనపనార. కళ్ళకు పొర కమ్ముతోందని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఈ పొద్దు శానా బిరుసుగా ఉండాదే, నూనె పెట్టుకోలేదా, అని నారను మందలిస్తోంది. మేస్త్రి వ్యాను కింద నుంచి అది చూశాడు. చప్పుడు చేయకుండా పాక్కుంటూ వచ్చి, నార కింద కూర్చుని, కొప్పు విప్పి, మెల్లగా తన జుట్టును ఆమె చేతుల్లోకి జారనిచ్చాడు. పెట్టుకున్నా మా, ఇంగా ఆరలేదు, అన్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె చూపు మిగిలి ఉండగా ఆమెను సామి ముందు నిలబెట్టాలి, ఆయనకు కావలసింది అదొక్కటే. ఆ రోజు నుంచి నా బండి నాకు ఇమ్మని నేను అడగలేదు. నేనే తక్కెడ మోసుకొచ్చి ఇచ్చేవాణ్ణి.

అప్పటికి కొండ ఎక్కేదానికీ దిగేదానికీ వేరువేరు దారులు పడ్డాయి కాబట్టి ఎదురు బండ్ల బెడద లేదు. ఒక పొద్దున తెల్లవారాక బయల్దేరాం. బండి నాది కాబట్టి స్టీరింగు నేను పట్టుకున్నాను. ఆయన ఇంజను మీది రేకు మూత తీసేసి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వెనక సీట్లో ఆమె, ఒడిలో వక్కాకు సంచి. తనిఖీ గేటు దాటి మొదటి మలుపు దాకా గేర్లు మార్చుకోవచ్చని ఆమె ఉదారంగా సెలవిచ్చింది, అది కొండలో లెక్కకు రాదట. మూడో గేరు పడగానే, ఇంగ లెక్క అంది.

ఆ ఎక్కుడు నేను చచ్చేదాకా మరవను. బ్లోయరు జాతరలో బూర ఊదినట్టు కూత పెట్టింది. పిట్టగోడల మీది కోతులు కిందికి దూకాయి. మలుపు వచ్చినా బండి తగ్గలేదు. ఎవరో వెనక నుంచి మెడపట్టి తోస్తున్నట్టు పోయింది. ఒక కొండ బస్సును దాటుకుంటూ పోతుంటే కండక్టరు తల బయట పెట్టి, ఈ పొద్దు యాడి దాకా అని అరిచాడు.  నాకు పట్టరాని గర్వంగా ఉంది, ఆ ఇంజనంతా నేనే చేసినట్టు.

పై మలుపులు బాగా నిట్టనిలువు. అక్కడ కూత సన్నబడింది. గాలి చాలడం లేదని ఆయన బ్లోయరు నోటికి అడ్డంగా ఉన్న జల్లెడ పీకేశాడు. పీకి, చెవి పెట్టి వినడానికి వంగాడు. తువ్వాలు జారింది, కొప్పు ఊడింది. మరుక్షణం ఆయన చెంప ఇనుప డబ్బాకు అతుక్కుని ఉంది. పెట్టె జుట్టును లోపలికి లాగుతోంది. నా కాలు బ్రేకు మీదికి పోయింది. ఇంజనులోంచే ఆయన గొంతు వినిపించింది. "ఆపబాకప్పా."

ఏమైందని ఆమె అడిగింది. చెప్పాను. ఆమె తడుముకుంటూ ముందుకు వచ్చి, కొడుకు తల పట్టుకుంది. బండి ఆపితే జుట్టు దక్కుతుంది, మొగుడి మాట పోతుంది. జుట్టు కోస్తే బండి ఆగదు, సామికి ఇవ్వవలసింది పెట్టె పాలవుతుంది. ఏదో ఒకటే. ఆ జుట్టును ఆమె ఎన్ని వేల మధ్యాహ్నాలు దువ్వి ఉంటుందో. ఒక్కసారి దాని మీద చెయ్యి వేసి నిమిరింది. తరువాత సంచిలోంచి అడకత్తెర తీసి, వక్క కత్తిరించినట్టు, కొంచెం కొంచెంగా, మొదలంటా కత్తిరించింది.

పెట్టె జుట్టంతా మింగింది. ఇంజను దగ్గింది. కూత ఆగిపోయింది. పొగ గొట్టంలోంచి తెల్లటి పొగ, బండినిండా వెంట్రుకలు కాలిన కంపు. నా కాలు ఎక్కడుందో నాకే తెలియదు. కిటికీ పక్కన సున్నం కొట్టిన రాయి ఒకటి ఉంది. అది రవంతసేపు అక్కడే ఉన్నట్టనిపించింది. అంతలో ఇంజను మళ్ళీ అందుకుంది, రాయి వెనక్కి పోయింది.

మేస్త్రి లేచాడు. తలంతా ఎలుకలు కొరికినట్టుంది. ముఖాన మసి. "అమా, ఆగింది. దిగుదాం పద" అని నిజంగానే పోతున్న బండి తలుపు తెరిచాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆయనకంటే ముందే దిగిన మనిషి, ఈసారి కదల్లేదు. అడకత్తెర తుడిచి సంచిలో పెట్టుకుంది.

"ఆగలా. మింగేదానికి రోంతసేపు పట్టింది, అంతే. కూసో."

ఆయన కూర్చున్నాడు.  కళ్యాణకట్టలో మంగలాయన ఆ తల చూసి, ఇంతకుముందు ఎవరు చేశారని అడిగితే, ఇంజను అని మేస్త్రి చెప్పాడు. ఆయన ఇంకేం అడగకుండా మిగిలిన కుచ్చులు గొరిగి పంపాడు. దర్శనం క్యూలో ఆమెకు చెరో పక్కా మేం. బయటికి వచ్చాక, కనపడినాడా అమ్మా అని అడిగాను. బాగా కనపడినాడు నాయనా, ఆయనకీ రోంత పొగ వాసన తగిలినట్టుండాది, అంది. ఆ సంవత్సరం దాటేలోగా ఆమె చూపు పూర్తిగా పోయింది. తరువాత ఆమే పోయింది. ఆఖరు దాకా ఆమె ముఖంలో దిగులన్నది నేను చూడలేదు.

మేస్త్రి మాత్రం ఆగలేదంటే ఒప్పుకోలేదు. ఇంటికొచ్చాక హెడ్డు విప్పి, వాల్వులకు నల్లగా మాడి అంటుకున్న జుట్టును గోకుతూ, ఇంత అడ్డం పడితే ఆగక ఎట్లుంటాదని తనలో తాను లెక్కలు వేసుకున్నాడు. బ్లోయరు పీకి నా బండి నాకిచ్చాడు. పాత స్ప్రింగులు బిగించి ఇచ్చినా నల్లపొగ పోయింది, కానీ నాకది ఉత్త బండిగానే తోచింది. ఆమె ఉన్నంతకాలం ఆయన గుండుతోనే ఉన్నాడు. ఆమె పోయాక జుట్టు పెంచడం మొదలుపెట్టాడు. నేను ఎప్పుడు కలిసినా ఒకటే ప్రశ్న, స్టీరింగు పట్టుకున్నోడివి నువ్వు, నిజం చెప్పు, ఆగిందా లేదా అని. ఆగలేదనే చెప్పేవాణ్ణి. "నువ్వూ మా యమ్మ మాదిరే చెప్తాండావు" అని, మళ్ళీ కర్ర చిలకడంలో పడిపోయేవాడు. నేను వ్యాను అమ్మేశాక ఆ రోడ్డుకు పోవడం తగ్గింది.

టీకొట్టాయన లోపలికి పోయి ఒక తెల్లగుడ్డ మూట తెచ్చి నా చేతిలో పెట్టాడు. చనిపోవడానికి చాలాముందే ఆసుపత్రిలో తలకు ఆపరేషనుకని జుట్టు తీసేస్తే, ఆయన దాన్ని మూటగట్టించి దాచుకున్నాడట. స్టీరింగు పట్టుకున్నోడు వస్తే ఇవ్వమన్నాడట. మూట బరువుగానే ఉంది.

నిన్న కొండకు బయల్దేరాను. ఇప్పుడు నాది గేర్లు మార్చే పనే లేని కారు. పక్క సీట్లో మూట. గేటు దాటి మొదటి మలుపు రాగానే, ఇంగ లెక్క అనుకున్నాను. కారు చప్పుడు లేకుండా ఎక్కుతోంది. కొండమీది ఇళ్ళు కనిపించే మలుపులో, ముందు బస్సు, దాని ముందు ఇంకో బస్సు, అన్నీ నిలిచిపోయి ఉన్నాయి. ఎవరో కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంటున్నారు. నేను బ్రేకు తొక్కాను. పక్కన పిట్టగోడ, దాని మీద ఒక కోతి, రెండూ కదలకుండా నన్నే చూస్తున్నాయి. మూట తీసుకుని దిగి వెనక్కి నడిచి ఇంటికి పోవాలా అన్న ఆలోచన నిజంగానే వచ్చింది, తలుపు మీద చెయ్యి కూడా వేశాను. తరువాత ఆ చెయ్యి తీసి మూట మీద పెట్టాను.

"ఆగలా మేస్త్రీ. మింగేదానికి రోంతసేపు పడతాండాది, అంతే. కూసో."